గచ్చు మీద చాళ్ళు

మా వైపు కొత్త ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు ముందు గోడలు చూడరు, కిందికి చూస్తారు. "గచ్చు బాగా కుదిరింది, అద్దంలా ఉంది" అంటారు. ఆ ఒక్క మాట కోసం తాపీ మేస్త్రీ ఆఖరి రోజు పొద్దుగూకేదాకా గొంతుక్కూచుని, సిమెంటు పలచగా కలిపి పోసి, తాపీతో రుద్దుతూనే ఉంటాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నున్నటి నేలకి ఇంత విలువ రావడానికి మా మట్టే కారణమని నా అనుమానం. నల్లరేగడి. వానకి పిక్కల దాకా దిగబడుతుంది, ఎండకి చెయ్యి దూరేంత బీటలిస్తుంది. చెప్పులకి అంటుకుంటే ఒక్కో చెప్పు కిలో తూగుతుంది. అందులో పుట్టి పెరిగినవాళ్ళకి కాలికి ఏమీ అంటని నేల అంటే సుఖమూ, హోదా రెండూ. మిరపకాయలు ఆరబోసే కళ్ళం కూడా నున్నగా ఉండాలి. కాయకి మన్ను అంటితే యార్డులో ధర పడిపోద్ది. కాబట్టి నేల ఎంత నునుపైతే అంత మంచిదనేది మా ఊళ్ళో వాదించాల్సిన విషయం కాదు.

ఆ లెక్క సరిపోని చోటు ఒకటుంది. గొడ్ల చావిడి.

మా చావిడి నాన్న 2019 ఎండాకాలంలో కట్టించాడు. మాది పర్చూరు దగ్గర. అంతకుముందున్నది తాటాకు కొట్టం, మట్టినేల. ఇప్పుడు హైదరాబాదులో కూచుని మట్టినేల చల్లదనం గురించి పోస్టులు పెట్టే స్నేహితులు నాకు చాలామందే ఉన్నారు. మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆ చల్లదనంలో పేడ తీసింది. శ్రావణ భాద్రపదాల్లో పేడా, ఉచ్చా, మట్టీ కలిసి ఒకటే రొచ్చు. ఏది ఎత్తాలో ఏది వదలాలో తెలిసేది కాదు. గేదెల కాళ్ళ కింద గుంటలు పడేవి, గుంటల్లో ఉచ్చ నిలిచేది, గిట్టల సందుల్లో పుండ్లు పడేవి, సాయంత్రం ఆరైతే దోమలు. ఏడాదికోసారి చవుడు తోలించి, దిమ్మిసతో కొట్టించి, మళ్ళీ మొదటికి రావడం. "ఈ సారి మీ అమ్మ చెప్పుల్తో నడిచే చావిడి కడతా" అన్నాడు నాన్న. మిర్చికి ధర పలికిన ఏడు అది.

కట్టడంలో ఆయన ఏమీ తక్కువ చెయ్యలేదు. రేగడి ఉబ్బుతుంది, కుంగుతుంది, దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే రెండేళ్ళలో పలకలు పలకలుగా పగులుతుంది. అందుకని రెండడుగులు తవ్వించి, రేగడి తీసేసి, గ్రావెల్ నింపి, నీళ్ళు పెట్టి దిమ్మిస చేయించాడు. పైన నాలుగంగుళాల కాంక్రీటు, ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళ ఇసుక, నాలుగు పాళ్ళ కంకర. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. గాడి వైపు నుంచి మురుగ్గాలవ వైపుకి మూడున్నర అంగుళాల వాలు, అంటే నలభైకి ఒకటి. పశువుల కొట్టాల గురించి ఏ వెటర్నరీ పుస్తకం తీసినా దాదాపు అదే లెక్క కనిపిస్తుంది. నాన్న పుస్తకం చూడలేదు, నీళ్ళు పోసి చూసుకున్నాడు.

చివర్లో మేస్త్రీ తన పనితనం చూపించాడు. నీట్ సిమెంటు పోసి, రుద్ది, మెరుగు పెట్టాడు. నాన్న వంగి అరచేత్తో నిమిరి, "దీని మీద ఆకేసుకుని అన్నం తినొచ్చు" అన్నాడు.

నాన్న 2021లో పోయాడు. అన్నయ్య డాలస్ దగ్గర, నేను ఉప్పల్లో. ఊళ్ళో అమ్మ, రెండు గేదెలు, ఒక ఒంగోలు ఆవు, దాని పెయ్య. పొద్దున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి పాలకేంద్రానికి క్యాను. పదిహేను రోజులకోసారి బ్యాంకులో డబ్బులు పడతాయి. పొలం కౌలుకిచ్చాం. ఆ కౌలు డబ్బు "మీ నాన్నది", పాల డబ్బు "నాది" అంటుంది అమ్మ. ఈ తేడా నాకు చాలా కాలం అర్థం కాలేదు.

2023 ఆగస్టులో పెద్ద గేదె పడింది. నాలుగో ఈత, ఐదు వందల కిలోలకి తక్కువుండదు. రాత్రి జల్లు కొట్టి చావిట్లోకి తడి వచ్చింది. తెల్లవారుజామున లేవబోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నేల గురించి నేను తర్వాత తెలుసుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. గుర్రం లేచేటప్పుడు ముందుకాళ్ళు చాపి, ముందుభాగం ఎత్తి, తర్వాత వెనకభాగం లేపుతుంది. ఆవూ గేదే దానికి తలకిందులు. ముందు మోకాళ్ళ మీద ఉండి, తలని ముందుకి విసిరి, ఆ ఊపుతో వెనకభాగం పైకి లేపుతాయి. ఆ ఒక్క క్షణం బరువంతా రెండు మోకాళ్ళ మీదా, రెండు వెనక గిట్టల అంచుల మీదా ఉంటుంది. ఆ క్షణంలో వెనక గిట్ట పక్కకి జారితే తొడలు రెండూ చీలినట్టు విడిపోతాయి. తొడ లోపలి కండరం తెగుతుంది, లేదా తుంటికీలు తప్పుతుంది. మా గేదెకి అదే అయింది. రెండు వెనక కాళ్ళూ చెరో వైపు పోయి, కప్పలాగా కూలబడింది.

పడిన గొడ్డు విషయంలో ఇంకో దారుణం ఉంది. అంత బరువున్న జంతువు కొన్ని గంటల పాటు ఒకే పక్కన పడుంటే, కింద పడ్డ కండ దాని బరువుకే నలిగి చచ్చుపడుతుంది. మొదట జారింది తుంటే కావచ్చు, తర్వాత చంపేది ఆ బరువు. అందుకే మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, కింద మెత్తగా ఏదన్నా వెయ్యాలి. అమ్మ ఇరుగుపొరుగుని పిలిచి, మోకులు వేసి, గడ్డి గోతాలు దూర్చి, రాత్రీ పగలూ పక్కలు మార్పించింది. డాక్టరుగారు వచ్చి సెలైన్, సూదులు, కాల్షియం అన్నీ ఇచ్చారు. నాలుగో రోజు మధ్యాహ్నం పోయింది. నేను రెండో రోజుకి చేరాను. దాని కళ్ళ గురించి రాయను.

ఎనభై ఐదు వేలకి కొన్న గేదె. అమ్మ డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "మీ నాన్న దాని కోసమే కట్టించాడు" అంది, అంతే.

నవంబరులో అమ్మ జారింది. పాలబకెట్టు ఒక చేత్తో, పలుపు ఒక చేత్తో. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు పట్టీ. ఆ ఆరు వారాలూ పాలు పిండటానికి పక్కింటి పిన్నిని పెట్టుకున్నాం. అన్నయ్య వీడియో కాల్లో తేల్చేశాడు: "అమ్మేద్దాం. నీకు అరవై రెండు. నెలకెంత కావాలో చెప్పు, పంపిస్తా." చెడ్డ మాట కాదు. ఏ కొడుకైనా అనే మాటే. అమ్మ పట్టీ వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు పంపే డబ్బులకి లెక్క ఎవరికి చెప్పాలి అబ్బాయ్?" అంది. వాడికి అర్థం కాలేదు. కౌలు డబ్బుకీ పాల డబ్బుకీ ఆమె చెప్పే తేడా నాకు అప్పుడు తెలిసింది. పాల డబ్బులకి లెక్క చెప్పక్కర్లేదు. చీటీ కట్టినా, మనవరాలికి పట్టీలు కొన్నా, ఎవరికన్నా చేబదులు ఇచ్చినా అడిగేవాళ్ళు లేరు. గొడ్లు అమ్మేస్తే ఆమె ఇద్దరు పిల్లల మీద ఆధారపడ్డ మనిషి అవుతుంది. నేల జారుడుగా ఉందన్న ఒక్క కారణానికి.

కాబట్టి నేల సంగతి చూడాల్సి వచ్చింది. డిసెంబరంతా నేను అదే పని మీద ఉన్నాను. ఆఫీసులో నా స్క్రీన్ మీద గోడలకి వేసే రంగుల కంపెనీ ప్రకటన, పక్క ట్యాబులో గొడ్ల మ్యాట్లు.

మొదటి సలహా అన్నయ్య నుంచే వచ్చింది. వాళ్ళ పక్క వీధి దాటితే గుర్రాల కొట్టాలున్నాయట. అక్కడ మనిషిని అడిగి, ఫోటోలు తీసి పంపాడు. కింద రాతిపొడి గట్టిగా కొట్టి, పైన నల్ల రబ్బరు మ్యాట్లు. నాలుగడుగులు బై ఆరడుగులు, ముప్పావు అంగుళం మందం. ఒక్కోటి నలభై కిలోలు దాటుతుంది. అక్కడ వ్యవసాయ సామాను కొట్లో యాభై అరవై డాలర్లకి దొరుకుతాయట. గుర్రానికి అది బాగా నప్పుతుంది. గుర్రం ఎక్కువసేపు నిలబడే ఉంటుంది, నిలబడే కునుకు తీస్తుంది, పేడ కూడా ఉండలుగా, పొడిగా వేస్తుంది, పారతో ఎత్తేయొచ్చు. గేదె అలా కాదు. దాని పేడ పలచన, ఉచ్చ బకెట్లకొద్దీ, వీలు దొరికితే రోజులో పది గంటలకి పైగా పడుకునే ఉంటుంది, పడుకునే నెమరేస్తుంది. మ్యాటు కిందికి ఉచ్చ చేరితే అమ్మోనియా ఘాటు కళ్ళు మండిస్తుంది. వారానికోసారి ఎత్తి కడగాలి. నలభై కిలోల తడి రబ్బరుని, విరిగి అతికిన మణికట్టుతో, అరవై రెండేళ్ళ మనిషి.

మన దగ్గరా మ్యాట్లు దొరుకుతాయి. కింద చిన్న చిన్న బుడిపెలుంటాయి, వాటి మధ్యగా నీళ్ళు పోతాయి. ఒకదానికొకటి కొక్కెం వేసుకునే ముక్కలు కూడా ఉన్నాయి. మాకు ఒక్కోటి 2,600 చెప్పారు. చావిడంతా పరిస్తే పది కావాలి. మడత పడినవీ, అంచు లేచినవీ పశువు కాలికి తగిలి ఇంకో ప్రమాదం.

తర్వాత సలహాలు ఊరి నుంచి. ఒక బాబాయి సిమెంటు ఫ్యాక్టరీలో వాడి తీసేసిన కన్వేయర్ బెల్టు వేసుకోమన్నాడు. పల్నాడు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, పాత బెల్టు కిలోల్లెక్కన దొరుకుతుంది, మందంగా ఉంటుంది, చౌక. కానీ ఆ బెల్టు పైభాగం వాడి వాడి నునుపు తేలి ఉంటుంది. తడిస్తే గచ్చుకీ దానికీ తేడా లేదు. ఇంకొకాయన మిర్చి టిక్కీల ఖాళీ గోతాలు పరవమన్నాడు. అమ్మ ఒక్క మాటతో కొట్టేసింది: "ఎంత దులిపినా ఘాటు పోద్దా? పొదుగు మండదూ?" పైగా తడిసిన గోతం గచ్చు మీద పశువుతో సహా జారుతుంది. గడ్డి పరవడం అనేది పుస్తకాల్లో మొదటి సలహా. ఇంగ్లీషు పుస్తకాల్లో. చల్లటి దేశాల్లో గడ్డి పరుపు. మా వైపు వరిగడ్డి అంటే అన్నం. జొన్నచొప్ప అంటే అన్నం. అన్నాన్ని కాళ్ళ కింద వేసే రైతుని నేను చూడలేదు. ఊక వెయ్యొచ్చు, కానీ ఇప్పుడు ఇటుక బట్టీలవాళ్ళూ బాయిలర్లవాళ్ళూ మిల్లు దగ్గరే కొనేస్తున్నారు. ఇసుక మంచిది, ఆవుకి దానంత మెత్తని పక్క లేదు. మురుగ్గాలవ పూడిపోతుంది, ఇసుక ధర సంగతి ఎవరికి చెప్పాలి.

రాయి సంగతి వేరే. మాది రాళ్ళ మధ్య ఉన్న ప్రాంతం. ఒక పక్క మాచర్ల, పిడుగురాళ్ళ నాపరాయి, ఇంకో పక్క మార్కాపురం పలకలు, దక్షిణాన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, ప్రపంచమంతా వంటగదుల్లో పరుస్తారు. మార్టూరు దగ్గర కోత ఫ్యాక్టరీల ముందు విరిగిన గ్రానైటు ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, చౌకగా ఇస్తారు. వాటి మెరుగు పెట్టిన వైపు గొడ్డు కాలు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గరుకు వైపు పైకి పెట్టి పరుచుకున్నవాళ్ళని ఇద్దరిని చూశాను. ఒకరింట్లో బాగానే ఉంది. రెండో ఇంట్లో ముక్కలు ఎగుడుదిగుడుగా పరిచారు, అంచులకి గిట్టలు చిట్లుతున్నాయి. నాపబండలు పరిచిన పాత చావిళ్ళు మా ఊళ్ళో ఇంకా రెండున్నాయి. బండ కొత్తలో గరుకుగానే ఉంటుంది, ఇరవై ఏళ్ళకి గిట్టలే దానికి మెరుగు పెడతాయి. అరక దున్నే కాలంలో ఎడ్లకి లాడాలు కొట్టించేవాళ్ళు. ఇనప లాడం, అరిగిన నాపబండ, తడి. తాతయ్య తమ ఎద్దుల్ని చావిట్లోంచి తెచ్చేటప్పుడు బండల మీద గుప్పెడు బూడిద చల్లేవాడని అమ్మ చెప్పింది. చౌకలో ఇంతకంటే చౌక ఉండదు.

అన్నట్టు, ఎడ్లని నిజంగా ప్రేమించేవాళ్ళు నేల గురించి ఏమనుకుంటారో చూడాలంటే బండలాగుడు పందేల జతలుండే చావిడికి వెళ్ళాలి. సంక్రాంతికి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్లు అని విభాగాలు పెట్టి టన్నులకొద్దీ బండ లాగిస్తారు. నేను చూసిన ఒక జతకి ఫ్యాన్లు, దోమతెర, ఉలవలు, అన్నీ ఉన్నాయి. నేల మాత్రం జల్లెడ పట్టిన ఎర్రమట్టి. మురుగ్గాలవ దగ్గర తప్ప సిమెంటు లేదు. రోజూ ఇద్దరు మనుషులు తడి మట్టి తీసి పొడి మట్టి వేస్తారు. ఆ ఇద్దరు మనుషుల జీతం అమ్మ పాల డబ్బులకి రెండింతలు. బ్రెజిల్లో ఒంగోలు జాతి నుంచి వచ్చిన నెలోర్ ఆవు ఒకటి, వియాటీనా-19 అని, నలభై కోట్ల రూపాయల దాకా విలువ కట్టారని మీరూ చదివే ఉంటారు. వెయ్యి కిలోల పైన బరువు. ఆ వార్త చూపిస్తే అమ్మ, "దాని కాళ్ళ కింద ఏముందో చూడు" అంది. పచ్చిగడ్డి ఉంది.

గచ్చు పగలగొట్టి మళ్ళీ పోయిద్దామంటే మేస్త్రీ 45,000 చెప్పాడు, అదీ శిథిలాలు తోలే ట్రాక్టరు కిరాయి కాకుండా. ఇటుకలు నిలువుగా పేర్చి సందుల్లో సిమెంటు పూసే పద్ధతి కూడా చెప్పాడు. మంచి పద్ధతే, సందు సందుకీ గిట్ట ఆనుతుంది. కానీ అదీ పగలగొట్టాకే. పైగా అమ్మకి పగలగొట్టడం ఇష్టం లేదు. ఆ మాట ఆమె అనలేదు. మేస్త్రీ గునపంతో ఒక మూల తట్టి చూస్తుంటే లేచి లోపలికి వెళ్ళిపోయింది.

దారి చూపించింది రోలు. మా చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాల్లో "రోళ్ళకి గంట్లు పెడతామమ్మా" అని అరుచుకుంటూ ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. చిన్న ఉలి, చిన్న సుత్తి. అరిగి నునుపెక్కిన రోలు, తిరగలి మీద టకటకా గంట్లు కొట్టి మళ్ళీ గరుకు తెచ్చేవాళ్ళు. కక్కు కొట్టడం అనేది అమ్మమ్మ. వంటింట్లోకి మిక్సీ వచ్చాక వాళ్ళు రావడం మానేశారు. పట్టీ విప్పిన రోజు పెరట్లో పడున్న పాత రోటి మీద కూచుని అమ్మ దాని లోపల వేళ్ళతో తడుముతోంది. "రాయి మారుస్తామా ఏంది, గంట్లే పెడతాం గానీ" అంది. రోటి గురించే అందో, చావిడి గురించే అందో ఇప్పటికీ అడగలేదు.

ఉన్న కాంక్రీటు మీద చాళ్ళు కొయ్యడం ప్రపంచమంతా చేసే పనే. పెద్ద డెయిరీల్లో దానికి ప్రత్యేకమైన యంత్రాలుంటాయి. చాలు పది మిల్లీమీటర్ల వెడల్పు, పది లోతు, చాలుకీ చాలుకీ మధ్య మూడు నాలుగు అంగుళాలు. పశువు గిట్ట జారడం మొదలెట్టిన వెంటనే, పూర్తిగా జారకముందే, ఏదో ఒక చాలు అంచు దొరకాలి. అదీ సూత్రం. ఎడం మరీ ఎక్కువైతే గిట్ట మధ్యలోనే జారిపోతుంది. మరీ దగ్గరైతే మిగిలే గచ్చు పెచ్చులూడుతుంది. మాకు యంత్రం ఎక్కడిది? చిలకలూరిపేటలో టైల్సు పని చేసే కుర్రాడు దొరికాడు. చేతి గ్రైండరు, వజ్రపు బ్లేడు. ఫోన్లో, "మేడం, నున్నటి గచ్చు మీద గీతలు పెట్టమంటున్నారా? రివర్సులో చెప్తున్నారా?" అన్నాడు. వచ్చి చూశాక కూడా అమ్మతో, "పెద్దమ్మా, ఇంత మంచి గచ్చు పాడు చెయ్యబుద్ధి కావట్లేదు" అన్నాడు. ఆ మాట విని అమ్మ అతనికి రెండో గ్లాసు టీ ఇచ్చింది.

2024 సంక్రాంతి వెళ్ళాక మూడు రోజులు పని. గొడ్లని వేపచెట్టు కింద కట్టేశాం. గాడి నుంచి మురుగ్గాలవ దాకా, వాలు వెంబడే, అరవై చాళ్ళు. అడ్డంగా కోస్తే ఉచ్చ నిలిచిపోతుంది. ఒక్కో చాలుకి రెండు కోతలు, మధ్యలో మిగిలిన సన్నటి బద్దని ఉలితో లేపడం. దుమ్ము లేవకుండా హెల్పరు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు, అయినా వేపచెట్టు తెల్లబడింది. మొదటి రోజు కుర్రాడు ముక్కుకి తువ్వాలు కట్టుకునే పనిలో దిగాడు. రెండో రోజుకి పేట నుంచి మాస్కు తెప్పించి బలవంతాన పెట్టించాం. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చౌక పనుల లెక్కల్లో ఎవరూ కలపరు.

కోశాక ఇంకో పని ఉంది. కొత్తగా కోసిన అంచులు కత్తుల్లా ఉంటాయి, గిట్టల్ని చీరేస్తాయి. బరువైన కాంక్రీటు దిమ్మ ఏదన్నా నాలుగైదు సార్లు ఈడిస్తే అంచులు మొద్దుబారతాయి. మా దగ్గర పాత నాపబండ ఒకటుంది. తాడు కట్టి కుర్రాడూ హెల్పరూ ఈడ్చారు. పక్కింటి పిన్ని గోడ మీంచి చూసి, "సీనియర్ల విభాగమా, న్యూ కేటగిరీయా?" అని అరిచింది. అమ్మ నవ్వడం ఆగస్టు తర్వాత నేను చూడటం అప్పుడే.

లెక్క రాసి పెట్టాను, ఎవరికన్నా పనికొస్తుందని. కుర్రాడికి రోజుకి 1,200 చొప్పున మూడు రోజులు 3,600. హెల్పరుకి 700 చొప్పున 2,100. బ్లేడులు ఆరు, 1,500. మొత్తం 7,200. మ్యాట్లు పది కాదు, రెండు కొన్నాం, 5,200. ఒకటి గేదె పడుకునే చోట, ఒకటి అమ్మ పాలు పిండేటప్పుడు కూచునే చోట. రెండోది పశువు కోసం కాదు. దాన్ని నేను పట్టుబట్టి వేయించాను. 12,400తో పని అయిపోయింది. అందులో సగం అన్నయ్య పంపాడు, అమ్మ పాల డబ్బులోంచి తిరిగి పంపించింది, వాడు మళ్ళీ పంపాడు. అది ఇంకా నడుస్తోంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. చాళ్ళలో పేడ ఇరుక్కుంటుంది. ఇదివరకు చీపురుతో ఒక్క తోపు తోస్తే సరిపోయేది, ఇప్పుడు ఈనెల చీపురుతో చాలు వెంబడే గీకి, నీళ్ళు కొట్టాలి. అమ్మకి పూటకి పావుగంట పని పెరిగింది. "మీ నాన్న పని తగ్గించాడు, నువ్వు పెంచావ్" అని ఫోన్లో సాధిస్తుంది. కొన్నేళ్ళకి చాళ్ళ అంచులు అరుగుతాయి, మళ్ళీ కోయించాలి. గేదె మొదటి వారం చావిట్లోకి రావడానికి మొరాయించింది. ఒక్కసారి జారిన నేలని పశువు మర్చిపోదు, తల దించి, వాసన చూసి, ఒక్కో కాలూ ఆనించి ఆనించి వచ్చింది. తర్వాత తర్వాత మామూలుగా నడవడం మొదలెట్టింది. నేను వెళ్ళినప్పుడల్లా తడి గచ్చు మీద చెప్పులు విప్పి మడమ తిప్పి చూస్తాను. తిరగకూడదు. ఇప్పటికి తిరగట్లేదు.

నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. మా పెయ్య మూడేళ్ళ వయసుకి వచ్చినా ఎదకి రావట్లేదని అమ్మ బెంగ పెట్టుకుంది. డాక్టరుగారు మినరల్ మిశ్రమం రాశారు, దాణా మార్పించారు. నిజానికి అది ఎప్పటినుంచో ఎదకి వస్తోందేమో, మాకు తెలియలేదేమో. ఆవులు ఎదకి వచ్చినప్పుడు ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతాయి, దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. కానీ కాలు జారే నేల మీద ఏ ఆవూ రెండు కాళ్ళ మీద లేవడానికి సాహసించదు. ఎద వస్తుంది, పోతుంది, మనిషికి తెలీదు, ఇరవై ఒక్క రోజులు వృథా. ఇలాంటి ఇరవై ఒక్క రోజులు ఎన్ని పోయాయో, ఎన్ని ఇళ్ళలో పోతున్నాయో.

మార్చిలో ఒక రోజు మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. భయపడి బయటికి వచ్చి ఎత్తాను.

"అమ్మాయ్, పెయ్య వాళ్ళమ్మ మీదకి ఎక్కింది. చావిట్లోనే. జారలా" అంది. "గోపాలమిత్ర కుర్రాడికి ఫోన్ చేస్తే ఎత్తట్లా. ఆ నంబరు పాతదేమో, నీ దగ్గర కొత్తది ఉందా?"